పిస్టన్ మార్పుతో ఇంజిన్ టకటక శబ్దం పోయింది: నా అనుభవం

గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ ఇంజిన్‌కు బోరింగ్ (సిలిండర్ లోపలి గోడను కోసి వెడల్పు చేయడం) చేయించిన తరువాత, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టకటకమని శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గేది. ట్యాపెట్లు సరిచేసినా, టైమింగ్ చైన్ టెన్షనర్ మార్చినా, చిక్కని ఆయిల్ పోసినా ఫలితం లేదు.

విప్పి చూస్తే లోపల ఉన్నది ఫోర్జ్‌డ్ పిస్టన్, అంటే లోహాన్ని పోత పోయకుండా గట్టిగా నొక్కి చేసినది. అది వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది కనుక సిలిండర్‌లో ఎక్కువ ఖాళీ వదలవలసి వస్తుంది; చల్లగా ఉన్నప్పుడు ఆ ఖాళీలో పిస్టన్ ఊగి గోడకు తగలడమే ఆ శబ్దం. సిలికాన్ ఎక్కువగా ఉన్న పోత పిస్టన్‌కు తక్కువ ఖాళీ చాలు, రోజువారీ ప్రయాణానికి అదే మేలని నా నిశ్చితాభిప్రాయం. అందువల్ల 0.50 మి.మీ. ఓవర్‌సైజ్ (అసలు సైజు కంటే అంత పెద్దదైన) పోత పిస్టన్‌ను ముందుగా కొని, తయారీదారు సూచించిన ఎత్తులో, పిన్‌కు (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌తో కలిపే కడ్డీకి) లంబ దిశలో దాని స్కర్ట్‌ను (కింది అంచు భాగాన్ని) మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ కొలతకు సూచించిన ఖాళీని కలిపి, సరిగ్గా ఆ సంఖ్యకే బోరింగ్, హోనింగ్ (గోడను సానరాళ్లతో తుది కొలతకు రుద్దడం) చేయించాను. పెట్టెపై ముద్రించిన సైజును మాత్రమే నమ్మకూడదు. తరువాత బోరును పైన, మధ్యన, కింద రెండేసి దిశల్లో కొలిచి, ఒక్కో రింగును పిస్టన్ తలతో లోపలికి సమంగా నెట్టి, దాని కొసల మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో (తెలిసిన మందం గల పలుచని రేకులతో) సరిచూశాను.

శబ్దం పోయింది. అయితే నికాసిల్ అనే గట్టి నికెల్ పూత ఉన్న సిలిండర్లకు ఈ పద్ధతి వర్తించదు. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగినా ఇటువంటి శబ్దమే రావచ్చు కనుక దానిని ముందే పరీక్షించాలి.