పాత బోటు మోటారు వేడెక్కుతోందా? విప్పే ముందు జాగ్రత్తలు

పులికాట్ సరస్సులో ఉప్పునీళ్లు. భీమునివారిపాళెం వైపు తిరిగే పాత అవుట్‌బోర్డ్ మోటార్లలో (బోటు వెనక బిగించేవి) ఉప్పు, బురద పేరుకుని, ఇంజిన్‌ను చల్లబరిచే నీటిదారులు పూడుకుపోతాయి. స్పానర్ పట్టే ముందు ఇవి చూసుకోండి.

– ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. కాగిన ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరిస్తే హెడ్డు పగలొచ్చు. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లను వదిలే వాల్వు) మూత వేడిమీద తీస్తే మరిగే నీళ్లు చిమ్ముతాయి.

– కిల్ స్విచ్ (ఇంజిన్‌ను ఆపేసే స్విచ్) తాడు తీసి, ప్లగ్గు వైర్లు ఊడదీశాకే ప్రొపెల్లర్ దగ్గర చెయ్యి పెట్టండి.

– నీళ్లు లేకుండా స్టార్ట్ చేయొద్దు, కాసేపే కదా అనుకోవద్దు. పంపులో నీళ్లు తోసే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్, పొడిగా తిరిగితే రెక్కలు కాలిపోతాయి. డ్రమ్ములో పెట్టి చూడాలంటే ప్రొపెల్లర్ తీసేసి, పంపు మునిగేదాకా నీళ్లు నింపండి. ఆరుబయటే చేయండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

– ఇంజిన్ నడుస్తుండగా మోటారు పక్కనున్న చిన్న రంధ్రం నుంచి నీటిధార రాకపోతే వెంటనే పంపు విప్పకండి. ఇంజిన్ ఆపి, ఆ రంధ్రంలో సన్నటి తీగ ఆడించండి. ఇసుకో, ఉప్పు పెళ్లో అడ్డుపడి ఉండొచ్చు.

– పాత ఇంపెల్లర్ తీశాక రెక్కలు లెక్కపెట్టండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. విరిగిన ముక్క కనబడలేదంటే పైన దారిలో ఇరుక్కుని ఉండొచ్చు. దాన్ని వెతక్కుండా కొత్తది బిగించినా మోటారు మళ్లీ వేడెక్కుతుంది.