స్టాక్ క్లాస్ డ్రాగ్ రేసు చూడటం ఎలా, ఆ పాత కార్ల కథలు రాబట్టడం ఎలా

అమెరికాలో డ్రాగ్ రేసుకి, అంటే తిన్నటి ట్రాక్ మీద రెండేసి బండ్లు పోటీపడే పందేనికి, వెళ్ళొచ్చామని చెప్పే మనవాళ్ళలో చాలామంది చూసింది అన్నిటికంటే వేగమైన టాప్ ఫ్యూయెల్ క్లాస్. పదివేల హార్స్‌పవర్ దాటిన బండ్లు, మంటలు, గుండె అదిరే చప్పుడు. బాగానే ఉంటుంది, చూడండి. కానీ అదే ట్రాక్ మీద పొద్దున్నే, స్టాండ్స్‌లో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు, 1969 కమారోలు, 1957 షెవీ (షెవ్రొలె) వ్యాగన్లు, అంటే వెనక సామాను పెట్టుకునే పొడవాటి ఇంటి కార్లు, ప్లిమత్‌లు, పాత మస్టాంగ్‌లు జంటలు జంటలుగా పరిగెత్తి వెళ్ళిపోతుంటాయి. ఆ క్లాస్ పేరు స్టాక్ ఎలిమినేటర్. నడిపేవాళ్ళు ఎక్కువగా వారమంతా ఇంకేదో పని చేసుకుని, వారాంతంలో సొంత డబ్బుతో ట్రెయిలర్ లాక్కొచ్చేవాళ్ళు. వాళ్ళలో కొందరు 1960ల నుంచీ ఇదే పనిలో ఉన్నారు. నా లెక్కలో టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యేది వీళ్ళ దగ్గరే. కాకపోతే ఏం చూస్తున్నామో తెలియకపోతే ఈ రేసు పరమ బోరు. తెలిస్తే మాత్రం మధ్యాహ్నం తిండి కూడా గుర్తు రాదు.

ముందు ఎక్కడికి వెళ్ళాలో. ఎడిసన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఒకప్పుడు ఈ అదృష్టం ఇంటి పక్కనే ఉండేది: 1965లో మొదలైన ఇంగ్లిష్‌టౌన్ రేస్‌వే పార్క్ అరగంట దూరం. 2018 జనవరిలో అక్కడ డ్రాగ్ రేసులు ఆపేశారు, కాబట్టి ఇప్పుడు పెన్సిల్వేనియాలో రెడింగ్ దగ్గరున్న మేపుల్ గ్రోవ్‌కి పోవాలి. డాలస్ వాళ్ళకి ఎన్నిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్, షార్లెట్ వాళ్ళకి కాంకర్డ్‌లో జీమ్యాక్స్, బే ఏరియా వాళ్ళకి సొనోమా ఉన్నాయి. ఈ రేసులు నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్). దాని నేషనల్ ఈవెంట్‌కి టికెట్ కొంటే పిట్స్‌లోకి, అంటే బండ్లు నిలిపి బాగుచేసుకునే చోటికి, వేరే పాస్ అక్కర్లేదు, అదే టికెట్ చాలు. కానీ నన్నడిగితే నేషనల్ ఈవెంట్ కంటే డివిజనల్ (ప్రాంతీయ) రేసు మేలు, జనం తక్కువ, టికెట్ తక్కువ, నిదానంగా మాట్లాడే తీరిక ఎక్కువ. నేషనల్‌కే వెళ్తే గురువారమో శుక్రవారమో వెళ్ళండి, ఆదివారం టీవీ వాళ్ళ హడావిడిలో ఈ బండ్లని ఎవరూ పట్టించుకోరు. ఒక్క ఇండియానాపొలిస్ సంగతి వేరు, లేబర్ డే వారాంతంలో జరిగే యూఎస్ నేషనల్స్‌లో స్టాక్ బండ్లకి క్లాస్ ఎలిమినేషన్స్ ఉంటాయి, అదేమిటో కింద చెప్తాను. చెవుల్లోకి ఇయర్‌ప్లగ్స్, పిల్లలుంటే వాళ్ళకి ఇయర్‌మఫ్స్, నెత్తికి టోపీ, కాళ్ళకి చెప్పులు కాకుండా బూట్లు. అంతే.

అద్దం మీద రాత

పిట్స్‌లో నడుస్తూ ప్రతి బండి అద్దం చూడండి. తెల్లటి షూ పాలిష్‌తోనో, స్టిక్కర్‌గానో రెండు రాతలు కనిపిస్తాయి. ఒకటి నంబరు. నాలుగంకెల నంబరైతే మొదటి అంకె ఆ మనిషి ఏ డివిజన్‌కి చెందినవాడో చెప్తుంది. రెండోది అసలైనది, క్లాస్ అక్షరాలు: ఎఫ్/ఎస్ అని ఉంటే స్టాక్‌లో ఎఫ్ క్లాస్, గేర్లు చేత్తో మార్చే బండి. ఎఫ్/ఎస్ఏ అని ఉంటే అదే క్లాస్, ఆటోమేటిక్.

ఈ అక్షరం ఎలా వస్తుందో తెలిస్తే సగం ఆట తెలిసినట్టే. బండి ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన బరువుని దాని హార్స్‌పవర్‌తో భాగిస్తారు. 3,400 పౌండ్ల బండికి 340 హార్స్‌పవర్ అయితే ఒక్కో హార్స్‌పవర్‌కి 10 పౌండ్లు. ఈ అంకె ఎంత తక్కువైతే బండి అంత పై క్లాస్‌లోకి, అంటే ‘ఏ’ (A) అక్షరం వైపుకి పోతుంది. ఇక్కడే తిరకాసు: ఆ హార్స్‌పవర్ ఎవరు చెప్పారు? మొదట్లో కార్ల కంపెనీయే చెప్పేది, కంపెనీకేమో తన బండి సులువైన క్లాస్‌లో పడి గెలిస్తే సోమవారం షోరూమ్‌లో అమ్మకాలు. 1968లో ఫోర్డ్ 428 కోబ్రా జెట్ మస్టాంగ్‌ని కాగితం మీద 335 హార్స్‌పవర్ అని దింపింది. ఆ అంకెని నమ్మినవాడు ఒక్కడూ లేడు. ఆ ఏడాది కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్ అనే జాతీయ రేసులో అల్ జోనియెక్ ఆ బండితోనే, స్టాక్‌కి పైనుండే సూపర్ స్టాక్ ఎలిమినేటర్ గెలిచాడు. ఇలాంటి తిరకాసుల వల్లే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ కంపెనీ అంకెని పక్కనపెట్టి తన సొంత అంకె వేస్తుంది, దాన్నే ఫ్యాక్టర్డ్ హార్స్‌పవర్ అంటారు. మీరు ఏ పాత రేసర్‌ని కదిపినా, తన బండికి అన్యాయంగా పది హార్స్‌పవర్ ఎక్కువ వేశారని తప్పకుండా చెప్తాడు.

వ్యాగన్లు ఎందుకు ఇన్ని ఉన్నాయని మీకు అనుమానం రావచ్చు, రావాలి కూడా. అదే ఇంజిన్ ఉన్న రెండు తలుపుల బండి కంటే వ్యాగన్ బరువు, కాబట్టి కింది క్లాస్‌లో పడుతుంది, పైగా ఆ బరువు వెనక చక్రాల మీద కూర్చుంటుంది కనుక టైరు నేలని బాగా పడుతుంది. 1960ల్లో జూనియర్ స్టాక్ అని పిలిచే క్లాసుల్లో 1955, 56, 57 షెవీ వ్యాగన్లూ, డెలివరీ బండ్లూ రాజ్యమేలింది ఈ లెక్క వల్లే. కాగితం బాగా చదివినవాడు గెలిచేవాడు. నాకు ఈ ఆటలో నచ్చింది ఇదే. కూరగాయలు తెచ్చుకునే బండి అవతలివాడి స్పోర్ట్స్ కారుని లెక్కల్లో ఓడించేది.

పరుగుని ఎలా చూడాలి

స్టాండ్స్ పైకి ఎక్కొద్దు, స్టార్ట్ లైన్‌కి దగ్గర్లో కంచె పక్కన నిలబడండి. దూరం పావు మైలు, 1,320 అడుగులు. ముందు టైర్లు నీళ్ళలో తిప్పి పొగ తెప్పిస్తారు, తర్వాత రెండు కాంతి కిరణాల్లోకి అంగుళం అంగుళం జరుగుతారు. 1963 ముందు అయితే ఒక మనిషి జెండా ఊపేవాడు. ఇప్పుడున్నది క్రిస్మస్ ట్రీ: మూడు పసుపు దీపాలు అరసెకను తేడాతో ఒకటి తర్వాత ఒకటి, ఆపైన పచ్చ. పచ్చ చూసి కదిలేవాడు అప్పటికే ఓడిపోయినట్టు, మూడో పసుపుకే కాలు వదిలేయాలి. తొందరపడితే ఎరుపు, ఇంటికి పోవడమే.

రెండు బండ్లు వేరువేరు క్లాసులవైతే నెమ్మది బండిని ముందు వదులుతారు, చిన్నపిల్లాడితో పరుగు పందెం పెట్టుకున్నప్పుడు వాణ్ణి నాలుగు అడుగులు ముందు నిలబెట్టినట్టు. ఎంత ముందు అనేది ఎవరికి వాళ్ళే రాసుకున్న డయల్ తేల్చుతుంది, అదీ అద్దం మీదే ఉంటుంది. వ్యాగన్ 11.40 సెకన్లు అని రాసుకుని, పక్కన కమారో 10.20 అని రాసుకుంటే, వ్యాగన్‌కి దీపాలు 1.20 సెకన్లు ముందు పడతాయి. చివర్లో ఇద్దరూ ఒకేచోట కలుస్తారు. అయితే రాసుకున్న దానికంటే వేగంగా వెళ్ళావా, ఓడిపోతావు. అంటే కమారో ముందు గీత దాటినా 10.19 వచ్చిందంటే, 11.42లో నింపాదిగా వచ్చిన వ్యాగన్ గెలుస్తుంది. ఇద్దరూ దాటేస్తే తక్కువ దాటినవాడిది గెలుపు. కొత్తగా చూసేవాళ్ళకి ఇది మొదట్లో అన్యాయంగా అనిపిస్తుంది. రెండు గంటలు చూడండి, చివరి వంద అడుగుల్లో ఎవరు బ్రేక్ మీద కాలు పెట్టారో, ఎవరు పక్కకి తిరిగి చూశారో మీకే కనబడటం మొదలవుతుంది.

ఒకే క్లాస్ బండ్లు రెండూ ఎదురుపడితే ఈ లెక్కలేవీ లేవు. ఇద్దరూ ఒకేసారి బయల్దేరతారు, ముందు చేరినవాడిదే. పిట్స్‌లో ఉన్నవాళ్ళు కూడా పని ఆపి కంచె దగ్గరికి వచ్చేది ఇలాంటి పరుగులకే. ఇండియానాపొలిస్‌లో క్లాస్ ఎలిమినేషన్స్ అన్నాను కదా, అవన్నీ ఇలాంటివే, మిగతా ఏడాదంతా దాచుకున్న బలం అక్కడ బయటపడుతుంది. దాచుకోవడం నిజంగానే ఉంది: బండి మరీ వేగంగా వెళ్తే హార్స్‌పవర్ అంకె పెంచే ఏర్పాటు ఉంది కాబట్టి మామూలు రోజుల్లో చాలామంది చివరిదాకా గట్టిగా తొక్కరు.

స్టాక్ అన్నారు కదా అని షోరూమ్ బండి అనుకోవద్దు. వెనక గాళ్ళు లేని వెడల్పు స్లిక్ టైర్లు, హెడర్లు (ఇంజిన్ పొగని బయటికి పంపే గొట్టాలు), నచ్చిన యాక్సిల్ గేర్లు పెట్టుకోవచ్చు. అందుకే నాన్న ఆఫీసుకి వేసుకెళ్ళినట్టుండే బండి ముందు చక్రాలు గాల్లోకి లేపుతుంది. కానీ కార్బొరేటర్ ఆ మోడల్‌కి ఫ్యాక్టరీ ఇచ్చిందే ఉండాలి, హెడ్స్ (సిలిండర్ల పైన బిగించే భాగాలు) లోపల దారులు అరగదీయకూడదు, క్యామ్ (వాల్వ్‌లని తెరిచే కడ్డీ) వాల్వ్‌ని ఎంత ఎత్తుతుందో ఆ ఎత్తు ఫ్యాక్టరీ ఎత్తే. క్యామ్ వాల్వ్‌ని ఎంతసేపు తెరిచి ఉంచాలన్నది మాత్రం రూల్‌లో లేదు. ఆ చిన్న సందులోనే ఏళ్ళ తరబడి తెలివంతా ఖర్చుపెడుతున్నారు. గెలిచాక ఇంజిన్ విప్పి కొలతలు తీస్తారు. కుదిరితే ఆ విప్పేచోట కాసేపు నిలబడి చూడండి.

2008 నుంచి ఫోర్డ్, తర్వాత షెవీ, డాడ్జ్ రేసు కోసమే కట్టి అమ్మిన కొత్త బండ్లు కూడా ఈ స్టాక్‌లో ఉన్నాయి. వేగం వాటిదే. నాకు వాటి మీద పెద్ద ఆసక్తి లేదు, మీకుంటే చూసుకోండి.

పెద్దవాళ్ళతో మాట ఎలా కలపాలి

పిట్స్‌లో మడతకుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన దగ్గరికి వెళ్ళి "ఎంత హార్స్‌పవర్ సర్?" అని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. అది ఎవరూ చెప్పరు. బండి హుడ్ కింద తల పెట్టి ఉన్నప్పుడూ, పరుగుకి లైన్‌లో పెట్టినప్పుడూ పలకరించొద్దు, ఓడిపోయి వచ్చిన పావుగంట కూడా వదిలేయండి. ఆ తర్వాత వెళ్ళి "ఈ బండి మీ దగ్గరికి ఎప్పుడు వచ్చింది?" అనండి చాలు. మిగతాది ఆయనే చూసుకుంటాడు.

మధ్యలో మాట ఆగితే మళ్ళీ కదిలించే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మొదటి బండిని ట్రాక్‌కి ఎలా తీసుకెళ్ళేవాళ్ళు? చాలామంది అదే బండి నడుపుకుంటూ వెళ్ళి, అక్కడ హెడర్ల మూతలు విప్పి, టైర్లు మార్చి, పరిగెత్తించి, మళ్ళీ బిగించుకుని ఇంటికొచ్చేవాళ్ళు. విరిగితే ఇంటికి ఎలా చేరారన్నది ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. వాళ్ళ ఊళ్ళో ఏ డీలర్ డబ్బు పెట్టేవాడు? ఆ రోజుల్లో తలుపు మీద పేరు రాయించుకుని పార్ట్స్ ఇచ్చే షెవీ, పాంటియాక్ డీలర్లు ఉండేవాళ్ళు. వియత్నాంకి వెళ్ళినప్పుడు బండిని ఎవరికి అప్పజెప్పారు? ఈ ప్రశ్న మాత్రం మనిషిని చూసి అడగండి. భార్య పక్కనే కూర్చుని ఉంటే ఆవిడనీ అడగండి, చాలాసార్లు సంవత్సరాలు ఆవిడకే సరిగ్గా గుర్తుంటాయి, పైగా ఆవిడే నడిపి ఉండొచ్చు. 1966 వింటర్‌నేషనల్స్‌లో ప్లిమత్ నడిపి స్టాక్ విభాగంలో టైటిల్ గెలిచింది షర్లీ షాహాన్, ఎన్‌హెచ్‌ఆర్‌ఏ జాతీయ రేసు గెలిచిన తొలి మహిళ ఆవిడే.

ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డ్ చేయండి, కానీ జనరేటర్‌కి దూరంగా, లేకపోతే ఇంటికొచ్చి వింటే బుర్రుమనే మోతే ఉంటుంది. ఆయన చెప్పే సెకన్లని అక్కడికక్కడ తప్పని వాదించొద్దు. యాభై ఏళ్ళలో 12.90 కాస్తా 12.50 అవడం మామూలే, తర్వాత కాగితంతో సరిచూసుకోవచ్చు.

ఆ కాగితాలూ ఫొటోలూ

ఎక్కడో ఒక బూట్ల పెట్టెలో ఫొటోలుంటాయి, వెనక ఏమీ రాసుండదు. ఏడాది పట్టుకోవడానికి ముందు ఫొటో తెల్ల అంచు చూడండి, 1960ల ప్రింట్లలో చాలావాటి మీద ప్రాసెస్ చేసిన నెల, సంవత్సరం చిన్నగా అచ్చయి ఉంటుంది. తీసిన రోజు అంతకంటే ముందే అవుతుంది, రీలు కెమెరాలో నెలల తరబడి ఉండిపోయి ఉండొచ్చు. స్లయిడ్ అయితే అట్ట చట్రం మీద ముద్ర వెతకండి. స్టార్ట్ లైన్‌లో జెండా మనిషి ఉంటే 1963కి ముందు కావచ్చు, కానీ పల్లెటూరి ట్రాకులకి ట్రీ ఆలస్యంగా వచ్చింది కాబట్టి అదొక్కటే పట్టుకుని తేల్చకండి. మెరిసే క్రేగర్ ఎస్/ఎస్ చక్రాలు ఉంటే 1964 గానీ ఆ తర్వాత గానీ. నంబర్ ప్లేట్ కనిపిస్తే పెద్దది చేసి చూడండి, ప్లేట్ మీదో దాని స్టిక్కర్ మీదో ఏడాది దొరకొచ్చు. వెనకాల పార్కింగ్‌లో నిలబడ్డ మామూలు కార్లలో అన్నిటికంటే కొత్త మోడల్ ఏదో గుర్తుపట్టగలిగితే ఇంకా గట్టి ఆధారం. అద్దం మీద క్లాస్ అక్షరాలు మాత్రం జాగ్రత్త, రూల్స్ మారినప్పుడల్లా అదే బండి వేరే అక్షరంలోకి పోయేది.

టైమ్ స్లిప్పులు, అంటే పరుగు అయ్యాక చేతికిచ్చే చీటీలు, ఇంకా ముఖ్యం. ఇప్పటి చీటీల్లో రియాక్షన్ టైమ్, మొదటి 60 అడుగులకి పట్టిన సమయం, సగం దూరం, పూర్తి దూరం, వేగం అన్నీ ఉంటాయి. చేత్తో రాసిన పాత చీటీలకి పెద్ద భయం లేదు. తర్వాతి కాలంలో థర్మల్ కాగితం మీద వచ్చినవి ఎండకీ వేడికీ తెల్లబడిపోతాయి, కొన్ని ఇప్పటికే చదవలేం. దొరికినవి దొరికినట్టు 600 డీపీఐలో స్కాన్ చేసి, ఫైల్ పేరులోనే బండి, ట్రాక్, తేదీ రాసేయండి. థర్మల్ చీటీలని లామినేట్ మాత్రం చేయించొద్దు, ఆ వేడికి కాగితం మొత్తం నల్లగా అయిపోతుంది. అసలు ప్రతులు ఆ కుటుంబానికే తిరిగిచ్చేయండి, స్కాన్లు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి మనవళ్ళకి కూడా ఒకటి ఇవ్వండి. వాళ్ళకి ఇంట్లో ఉంచుకునే ఉద్దేశం లేదంటే, పొమోనాలో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ మ్యూజియం ఉంది, పెట్టె పంపే ముందు తీసుకుంటారో లేదో అడిగి పంపించండి.