గిటార్ డిలే, ఎకో: తాళానికి కలిపి అమర్చుకోవడం ఎలా

మైకు సెట్టు పెట్టిన ప్రతిచోటా గాయకుడు మొదట అడిగేది "కొంచెం ఎకో పెట్టండి" అనే. ఆ అలవాటుతోనే కాబోలు, గిటార్ వాయించేవారు కూడా డిలే పెడల్ (కాలితో నొక్కి నడిపే చిన్న పెట్టె) చేతికి రాగానే దాని నాబ్‌లన్నింటినీ సగానికి పైగా తిప్పి వదిలేస్తుంటారు. ఇంట్లో ఒంటరిగా వాయించుకున్నప్పుడు గంభీరంగా తోచిన ఆ శబ్దం, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒక కల్యాణ మండపం వేదిక ఎక్కి డ్రమ్స్, కీబోర్డుతో కలిసేసరికి, చేతితో వాయించిన స్వరమేదో తిరిగి వచ్చిన స్వరమేదో తెలియని కలగాపులగంగా మారుతుంది. డిలే ప్రధానంగా తాళానికి సంబంధించిన పనిముట్టు. దానిని మొదట పాట నడకకు కలిపి, ఎంత వినిపించాలన్నది చివరన నిర్ణయించుకుంటే ఈ ఇబ్బందిలో ఎక్కువ భాగం తలెత్తనే తలెత్తదు.

ముందుగా ఈ రెండు పేర్ల సంగతి. గిటార్ నుంచి వచ్చిన శబ్దానికి ఒక నకలు తీసి, దానిని కొంతసేపు తన దగ్గర ఆపి, ఆ తరువాత బయటకు పంపే పరికరమే డిలే. అలా ఆలస్యంగా వచ్చిన నకలు మన చెవికి విడిగా వినిపిస్తే దానిని ఎకో అంటాము. రామతీర్థం బోడికొండ వంటి రాతి కొండకు ఎదురుగా, సుమారు 35 మీటర్ల దూరంలో నిలబడి ఒక చప్పట్టు కొట్టారనుకోండి. మన ప్రాంతపు వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, కొండ దాకా వెళ్లి తిరిగి రావడానికి, అంటే 70 మీటర్లకు, సెకనులో ఐదో వంతు పడుతుంది. పెడల్ భాషలో అది 200 మిల్లీ సెకన్ల డిలే. కొండకు దగ్గరవుతున్నకొద్దీ ఆ వ్యవధి తగ్గి, సుమారు 30, 40 మిల్లీ సెకన్ల కంటే తక్కువైనప్పుడు చెవి రెండు శబ్దాలను విడదీయలేక, ఒకే శబ్దం కొంచెం లావుగా ఉన్నట్లు గ్రహిస్తుంది. రివర్బ్ వేరు. గది గోడలు, పైకప్పు, నేల నుంచి వందలకొద్దీ ప్రతిఫలనాలు విడివిడిగా వినిపించకుండా అలుముకుంటే అది రివర్బ్, దానికి తాళంతో పని లేదు.

మూడు నాబ్‌లు

ఏ కంపెనీ డిలే అయినా, గిటార్ ప్రాసెసర్ (అనేక పెడళ్ల పనిని ఒక్కటే చేసే పెట్టె) లోని డిలే విభాగమైనా మూడు నియంత్రణల మీదే నడుస్తుంది. మొదటిది టైమ్: వాయించిన స్వరానికీ తిరిగి వచ్చే స్వరానికీ నడుమ వ్యవధి. రెండవది ఫీడ్‌బ్యాక్, కొన్ని పెడళ్ల మీద దీనినే రిపీట్ అని రాస్తారు: బయటకు వచ్చిన నకలులో కొంత భాగాన్ని మళ్లీ లోపలికి పంపి, ఆవృత్తుల, అంటే తిరిగి తిరిగి వినిపించే నకళ్ల, సంఖ్యను పెంచేది ఇదే. మూడవది మిక్స్ లేదా లెవెల్: అసలు శబ్దంతో పోలిస్తే నకలు ఎంత గట్టిగా వినిపించాలన్నది.

వీటిలో ఎక్కువ అపార్థానికి గురయ్యేది ఫీడ్‌బ్యాక్. దానిని సున్నాకు తిప్పినా డిలే ఆగిపోదు, ఒక్క ఆవృత్తి మాత్రం వినిపిస్తుంది. ప్రతిసారీ సగం శబ్దం లోపలికి తిరిగి వెళ్లేలా పెడితే మొదటి ఆవృత్తిలో సగం రెండవది, నాలుగో వంతు మూడవది, ఇలా ఐదవ ఆవృత్తి మొదటి దానిలో పదహారో వంతుకు చేరుతుంది; మిగిలిన వాద్యాలు మోగుతుంటే అది వినిపించదు. నూటికి నూరు పాళ్లూ తిరిగి లోపలికి వెళ్తే ఆవృత్తులు తగ్గడమే మానేస్తాయి. ఆ హద్దు దాటితే శబ్దం తనను తాను పెంచుకుంటూ స్పీకర్లు అరిచేదాకా పోతుంది. కావాలని ఆ అరుపును వాడుకునే వాద్యకారులు ఉన్నారు, కాని పొరపాటున కాలు తగిలి నాబ్ తిరిగినప్పుడు అది ఎవరికీ ఆనందం కలిగించదు.

అమరిక మొదలుపెట్టేటప్పుడు ఎడమచేతి వేళ్లతో తీగలను తేలికగా తాకి, స్వరం మోగకుండా మూసి, ప్లెక్ట్రమ్‌తో ఒక్కసారి "చక్" మనిపించాలి. మోగే స్వరం మీద వినడం కంటే ఈ పొడి చప్పుడు మీద ఆవృత్తుల వ్యవధి, సంఖ్య స్పష్టంగా తెలుస్తాయి. మిక్స్‌ను కాసేపు సగానికి పెంచి ఉంచండి. మొదట టైమ్ సరిచేసి, తరువాత రెండు మూడు ఆవృత్తులకు మించకుండా ఫీడ్‌బ్యాక్ పెట్టి, ఆఖరున పాట వాయిస్తూ మిక్స్‌ను తగ్గించుకుంటూ రావాలి. ఆపితే ఏదో వెలితిగా అనిపించి, ఉన్నప్పుడు మాత్రం ప్రత్యేకంగా చెవిన పడని చోటు ఒకటి దొరుకుతుంది. లయ కోసం వాడే డిలేను మినహాయిస్తే, తక్కిన అన్ని సందర్భాలకూ అదే సరైన మోతాదు.

తాళం లెక్క

టైమ్ ఎంత పెట్టాలన్నది ఊహతో తేల్చవలసిన విషయం కాదు. పాట నడుస్తుండగా 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడుతున్నాయో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని దెబ్బలో తెలుస్తుంది. 60,000ను ఆ సంఖ్యతో భాగిస్తే ఒక దెబ్బకు పట్టే మిల్లీ సెకన్లు వస్తాయి. నిమిషానికి 100 దెబ్బల పాటకు అది 600, 120 దెబ్బల పాటకు 500, 80 దెబ్బల నెమ్మది పాటకు 750. ఆ పూర్తి వ్యవధిని గాని, అందులో సగాన్ని గాని టైమ్‌గా పెడితే ఆవృత్తులు తాళం మీదే పడతాయి కాబట్టి ఎక్కడా తొక్కిసలాట ఉండదు. ట్యాప్ టెంపో బటన్ ఉన్న పెడల్ అయితే ఈ లెక్కతో కూడా పని లేదు, డ్రమ్మర్ దెబ్బలకు సరిగ్గా నాలుగైదుసార్లు కాలితో నొక్కితే చాలు.

అయితే డిలేలో అసలు అందం ముప్పాతిక లెక్కలో ఉంది. పాశ్చాత్యులు దీనిని డాటెడ్ ఎయిత్ అంటారు. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో, గిటార్ పట్టకముందే వయొలిన్ దగ్గరో మృదంగం దగ్గరో కూర్చున్న పిల్లలు చాలామంది కనిపిస్తారు కనుక, ఆ పాశ్చాత్య గుర్తుల కంటే చతురశ్ర నడకతో చెప్పడమే సులువు. ఒక దెబ్బను త, క, ధి, మి అనే నాలుగు మాత్రలుగా విభజించండి. 120 దెబ్బల వేగంలో దెబ్బ 500 మిల్లీ సెకన్లు, మాత్ర 125. డిలే టైమ్‌ను మూడు మాత్రలకు, అంటే 375 మిల్లీ సెకన్లకు పెట్టండి. ఇప్పుడు గిటార్ మీద "త", "ధి" స్థానాల్లో మాత్రమే సమానంగా స్వరాలు వాయించండి. "త" మీద వాయించిన స్వరం మూడు మాత్రల తరువాత "మి" మీద తిరిగి వస్తుంది. "ధి" మీద వాయించినది తరువాతి దెబ్బలోని "క" మీదకు చేరుతుంది. చేతులు రెండు మాత్రలే వాయిస్తున్నా చెవికి నాలుగు మాత్రలూ నిండుగా వినిపిస్తాయి, పైగా మీరు అనుకోని స్వరాల అల్లిక ఒకటి తయారవుతుంది. 1980ల నుంచి ప్రపంచమంతా రాక్ గిటార్‌లో విన్న ఆ గలగల పారే శబ్దానికి మూలం చాలావరకు ఈ లెక్కే.

ఇది పండాలంటే రెండు షరతులున్నాయి. చేతి నడక గడియారంలా నిలకడగా ఉండాలి. మీరు తొందరపడితే పెడల్ తొందరపడదు కనుక తేడా వెంటనే బయటపడుతుంది. రెండవది, ఈ ఒక్క సందర్భంలో మిక్స్‌ను ఎక్కువగా, దాదాపు అసలు స్వరంతో సమానంగా ఉంచాలి. లేకపోతే "క", "మి" స్థానాలు గుసగుసలుగా మిగిలి అల్లిక తెగిపోతుంది. ఫీడ్‌బ్యాక్ మాత్రం తక్కువగానే ఉండాలి, ఎందుకంటే రెండవ ఆవృత్తి ఆరు మాత్రల తరువాత, మళ్లీ మీరు వాయించే స్థానంలోనే వచ్చి పడుతుంది. తిశ్ర నడక పాటల్లో దెబ్బను మూడు భాగాలు చేసి, "తకిట"లో రెండు మాత్రల వ్యవధిని పెట్టి చూడండి, దాని ఊపు వేరు.

రాగఛాయ ఉన్న పాటల్లో, జారుడు గమకాలతో తీగను లాగి వాయించేటప్పుడు మాత్రం పొడవైన డిలేకు దూరంగా ఉండడం మంచిది. మీరు రిషభం నుంచి గాంధారానికి జారుతుండగా వెనుక నుంచి పాత రిషభం స్థిరంగా మోగుతుంటే గమకం చెడిపోయినట్లే వినిపిస్తుంది. త్వరత్వరగా మారే కార్డులకూ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులకూ) ఇదే చిక్కు: మునుపటి కార్డు కొత్త కార్డు మీదకు పొర్లుతుంది. ఇటువంటి చోట 80 నుంచి 130 మిల్లీ సెకన్ల నడుమ ఒకే ఒక ఆవృత్తి, అంటే స్లాప్‌బ్యాక్, సరిపోతుంది.

టేపు, అనలాగ్, డిజిటల్

పెడళ్ల మీద కనిపించే ఈ మాటలు పాత యంత్రాల పేర్లే. 1950లలో అమెరికాలోని మెంఫిస్ నగరంలో సన్ స్టూడియో నడిపిన శామ్ ఫిలిప్స్ స్లాప్‌బ్యాక్‌ను టేపు రికార్డర్లతో సాధించాడు. టేపు మీద శబ్దాన్ని ముద్రించే హెడ్ ఒకచోట, చదివే హెడ్ కొంచెం ఎడంగా ఉంటాయి కాబట్టి టేపు ఆ ఎడం దాటడానికి పట్టే కాలమే డిలే. టేపు సెకనుకు ఏడున్నర అంగుళాలు కదులుతూ, హెడ్ల నడుమ ఒక అంగుళం ఉంటే అది 133 మిల్లీ సెకన్లు. ఎకోప్లెక్స్, 1974లో రోలాండ్ తెచ్చిన ఆర్‌ఈ-201 స్పేస్ ఎకో వంటి యంత్రాలు ఈ సూత్రాన్నే ఒక పెట్టెలో ఇమిడ్చాయి. టేపు అరిగి, మోటారు కొంచెం తడబడి, ఆవృత్తులు మెత్తగా, స్వల్పంగా ఊగుతూ వచ్చేవి. నేటి పెడల్‌లో "టేప్" అన్న స్థానం ఆ లోపాలనే పనిగట్టుకుని అనుకరిస్తుంది.

1969లో ఫిలిప్స్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ పరిశోధకులు రూపొందించిన చిప్ అనలాగ్ డిలేకు దారి తీసింది. ఇల్లంటుకున్నప్పుడు జనం బావి నుంచి వరుసగా నిలబడి నీళ్ల బిందెలు చేతులు మార్చుకున్నట్లు, వేల కెపాసిటర్లు శబ్దపు వోల్టేజిని ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తాయి. వరుస పొడవైనకొద్దీ, అందించే వేగం తగ్గినకొద్దీ ఆలస్యం పెరుగుతుంది, దానితోపాటు శబ్దపు పదును పోతుంది. అందుకే 1981 నాటి, బాస్ అనే కంపెనీ డీఎం-2 వంటి పెడల్ 300 మిల్లీ సెకన్ల దగ్గర ఆగిపోతుంది. ఆవృత్తులు క్రమంగా మసకబారుతాయి కనుక పాట వెనుక ఒదిగి ఉంటాయి, సోలోలకు అది వరమే. 1983లో వచ్చిన బాస్ డీడీ-2 శబ్దాన్ని అంకెలుగా మార్చి దాచుకుని 800 మిల్లీ సెకన్ల వరకు ఆపగలిగింది. డిజిటల్ ఆవృత్తి అసలు స్వరమంత పదునుగా ఉంటుంది కాబట్టి ముందు చెప్పిన ముప్పాతిక లెక్కకు అదే తగినది.

వేదిక మీద

శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్, ఓవర్‌డ్రైవ్ పెడళ్ల తరువాత డిలే, దాని తరువాత రివర్బ్ ఉండాలి. డిలేను డిస్టార్షన్‌కు ముందు పెడితే, తగ్గుతూ వచ్చే ఆవృత్తులను కూడా డిస్టార్షన్ పైకి లాగి సమం చేస్తుంది, దానితో ఒకటే ముద్ద శబ్దం. ఆంప్లిఫయర్‌లోని డిస్టార్షన్‌నే వాడేవారు వెనుక ఉన్న సెండ్, రిటర్న్ సాకెట్ల నడుమ డిలేను కలుపుకోవాలి.

మన కల్యాణ మండపాలు చాలావరకు గచ్చు నేల, టైల్స్ గోడలు, పైన రేకు లేదా సిమెంటు శ్లాబు. వేదిక నుంచి వెనుక గోడ 30 మీటర్లు ఉంటే, పెడల్ ఏదీ లేకుండానే సుమారు 170 మిల్లీ సెకన్ల ఎకో గోడ నుంచి వస్తుంది. దాని మీద మైకు సెట్టు మిక్సర్‌లోని ఎకో, దాని మీద మీ పెడల్: మూడు వేర్వేరు వ్యవధులు ఒకదానితో ఒకటి కలహించుకుంటాయి. సౌండ్ చెక్ సమయంలోనే "అన్నా, గిటార్ ఛానెల్‌కు ఎకో తీసేయండి, నా పెడల్‌లో ఉంది" అని చెప్పి ఉంచాలి. ఆ తరువాత ఒక్క కార్డు గట్టిగా వాయించి ఆపి, హాలు ఎంతసేపు మోగుతున్నదో విని, ఇంట్లో పెట్టుకున్న మిక్స్‌ను మూడో వంతైనా తగ్గించాలి. జనం నిండితే మోత కొంత తగ్గుతుంది, అప్పుడు మళ్లీ కొద్దిగా పెంచుకోవచ్చు. పైడితల్లి సంబరాల రోజుల్లోనో, శ్రీకాకుళం వైపు గ్రామదేవత పండుగల్లోనో ఆరుబయట వేదిక మీద వాయించేటప్పుడు పరిస్థితి తలకిందులు. అక్కడ తిప్పికొట్టే గోడలు లేక గిటార్ పొడిగా, పలచగా వినిపిస్తుంది కాబట్టి డిలేను కొంచెం ధారాళంగానే వాడవచ్చు. చర్చిలో ప్రార్థన నడుస్తుండగా వెనుక మెల్లగా కార్డులు పరచేవారికి పొడవైన టైమ్, ఎక్కువ ఆవృత్తులు, చాలా తక్కువ మిక్స్ అనుకూలిస్తాయి.

ఇప్పటికే ప్రాసెసర్ ఉన్నవారు వేరే డిలే కొనే ముందు అందులోని డిలేను ఇలా అమర్చి చూడడం మంచిది, ఖర్చు చాలావరకు తప్పుతుంది. కొత్తగా కొనదలచుకుంటే ట్యాప్ టెంపో ఉన్న డిజిటల్ పెడల్‌కే నా ఓటు. చాలా పెడళ్లకు 9 వోల్టుల అడాప్టర్, పిన్ను లోపలి భాగం నెగటివ్‌గా ఉన్నది కావాలి. బజారులో దొరికే సాధారణ అడాప్టర్లలో చాలావాటికి లోపలి భాగం పాజిటివ్‌గా ఉంటుంది కనుక దాని మీద ముద్రించిన గుర్తు చూడకుండా గుచ్చరాదు. డిజిటల్ డిలేకు అనలాగ్ దాని కంటే ఎక్కువ కరెంటు కావాలి. ఒకే అడాప్టర్ నుంచి గొలుసు తీగతో అన్ని పెడళ్లకూ ఇస్తే సన్నని కూత వినిపించవచ్చు. అలా వినిపిస్తే ముందుగా డిలేను గొలుసు నుంచి తప్పించి, దానికి విడిగా ఒక అడాప్టర్ ఇచ్చి చూడండి.