ఆర్కిటెక్టుల సంఘం ఊరివారికి సలహా బల్ల నడపడం ఎలా?

మా ఆర్కిటెక్టుల సంఘానికి నేను ఆరేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. మొదటి రెండేళ్లలో మేము చేసినవి ఏడాదికో సర్వసభ్య సమావేశం, కొన్ని ఉపన్యాసాలు, అంతే. ఒకరి పని గురించి ఒకరం మాట్లాడుకునేవాళ్లం, చప్పట్లు కొట్టేవాళ్లం. ఇలాంటి సంఘం ఒకటుందని ఊళ్లో ఎవరికీ తెలియదు. మూడో ఏట గ్రంథాలయం వరండాలో ఒక బల్ల వేశాం. నెలకు రెండు శనివారాలు, ఉదయం రెండు గంటలసేపు, ఇల్లు కట్టుకునేవారెవరైనా వచ్చి ఉచితంగా సలహా అడగవచ్చని చెప్పాం. సంఘం ఎందుకుండాలో నాకు ఆ బల్ల దగ్గరే అర్థమైంది. మీ సంఘమూ ఇది మొదలుపెట్టాలని గట్టిగా కోరుకుంటూ, మేము నేర్చుకున్నది చెబుతాను.

సభ్యులు తక్కువని వెనుకాడకండి. 1857లో న్యూయార్క్‌లో అమెరికా ఆర్కిటెక్టుల సంఘాన్ని ప్రారంభించినవారు 13 మందే. మా బల్లకు ఎనిమిది మంది సరిపోయారు. ఒక్కో శనివారం ఇద్దరు కూర్చుంటే, ఒక్కొక్కరి వంతు రెండు నెలలకోసారి వస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరు అనుభవం ఉన్నవారు, మరొకరు కొత్తవారు కావాలి. పెద్దవారు వింటూ ఉంటే చిన్నవారు గీస్తారు. కొత్తగా చదువు ముగించినవారికి ఇంతకు మించిన బడి దొరకదు.

బల్లను సంఘం ఆఫీసులో వేయవద్దు. ఆర్కిటెక్టు గడప తొక్కితేనే డబ్బు అడుగుతారని చాలామంది భయం. జనం ఎలాగూ వచ్చిపోయే చోటు, మెట్లు ఎక్కనక్కరలేని చోటు చూడండి. ఏ రోజో, ఏ వేళో ఒకసారి చెప్పాక మార్చకండి. మొదటి నెల ఇద్దరే వచ్చారు. అయినా వేళ ముగిసేదాకా కూర్చున్నాం.

ట్రేసింగ్ పేపరు చుట్ట, మెత్తటి పెన్సిళ్లు, స్కేలు, అయిదు మీటర్ల టేపు సిద్ధంగా ఉంచుకోండి. వీటన్నిటికంటే ముఖ్యమైనది అట్టముక్కల డబ్బా. మంచం, బీరువా, భోజనాల బల్ల, చక్రాల కుర్చీ, ఇవన్నీ ప్లాను స్కేలుకు తగ్గట్టు అట్టతో కోసి పెట్టుకోవాలి. 1:50కి, అంటే అసలు కొలతలో యాభయ్యో వంతుకు ఒక జత, 1:100కి ఒక జత. దీని విలువ ఒక భార్యాభర్తలు వచ్చిన రోజు చూశాను. వాళ్ల ప్లానులో పడకగది 2.7 మీటర్లకు 3 మీటర్లు. కాగితం మీద బాగానే కనిపిస్తోంది. భర్త మంచం ముక్క తీసి గదిలో పెట్టాడు. 1.8 మీటర్ల వెడల్పు మంచం, పక్కన 90 సెంటీమీటర్లు మిగిలింది. భార్య 60 సెంటీమీటర్ల లోతున్న బీరువా ముక్కను ఆ సందులో పెట్టింది. ఇక మిగిలింది 30 సెంటీమీటర్లు. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమే తలుపును పక్క గోడకు జరిపి, బీరువాను మంచం కాళ్ల వైపు గోడలోకి గూడులా నెట్టి చూసింది. మేము ఒక్క మాట చెప్పలేదు. ఇల్లు కట్టి చూడమని పెద్దలు అన్నారు గానీ, కట్టకముందే చూడగలిగితే ఎంత ఖర్చు తప్పుతుందో!

ఇప్పుడు అన్నిటికన్నా కఠినమైన నియమం. బల్ల దగ్గర కూర్చున్నవారు తమ కార్డు ఎవరికీ ఇవ్వకూడదు, అక్కడ సలహా అడిగినవారి పనిని ఏడాదిపాటు ఒప్పుకోకూడదు. మాలో కొందరికి ఇది రుచించలేదు. సెలవు రోజు వదులుకుని వచ్చినవారికి ఆ మాత్రం లాభం ఉండవద్దా అన్నారు. నేను వాళ్లకు 1967 నాటి సంగతి చెప్పాను. ఆ ఏడాది దక్షిణ డకోటాలోని ర్యాపిడ్ సిటీలో అమెరికా సంఘం ఒక పద్ధతి మొదలుపెట్టింది. ఒక ఊరు పిలిస్తే నిపుణుల బృందం వెళ్లి, కొద్ది రోజులు అక్కడే ఉండి, ఊరివారితో కలిసి ప్రణాళిక వేస్తుంది. బృందంలో ఉన్నవారికి జీతం లేదు, దాని వల్ల పుట్టే పనులు తాము తీసుకోబోమని ముందే ఒప్పుకుంటారు. ఆ ఒప్పందం ఉంది గనుకే వాళ్ల మాటకు విలువ. అమ్ముకోవడానికి వచ్చినవాడి సలహాను ఎవరు నమ్ముతారు?

ఇచ్చేది సలహా మాత్రమే, దాన్ని చూసి కట్టవద్దని చీటీ మీద స్పష్టంగా రాసివ్వండి. గోడ పగులు ఫోటోలో చూసి ఏమీ కాదని ఎన్నడూ అనకండి, భవనం బలాన్ని లెక్కగట్టే స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గరికి పంపండి. వేరే ఆర్కిటెక్టు గీసిన ప్లాను తెచ్చినప్పుడు అందులో తప్పులు ఎంచవద్దు. ఆయననే ఏమేమి అడగాలో రాసివ్వండి: మెట్ల ఎత్తు అన్నీ సమానమేనా, స్నానాల గది తలుపు బయటికి తెరుచుకుంటుందా? లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరిచే తలుపుకు ఆ మనిషే అడ్డమవుతారు. ఈ ఒక్క మాట చెప్పినందుకు వారం తర్వాత తిరిగి వచ్చి నమస్కారం పెట్టినవారున్నారు.

ప్రతి ప్రశ్నా నోటుపుస్తకంలో రాయండి. పేర్లు అక్కరలేదు. ఏడాది తిరిగాక చదివితే ఊరి అవసరాలు వరుసగా కనిపిస్తాయి. ఒక తల్లి తన కొడుకును చక్రాల కుర్చీలో ఒక ప్రజా భవనంలోకి తీసుకెళ్లలేకపోతున్నానని చెప్పింది. ర్యాంపు ఉందట, కానీ కుర్చీ వెనక్కి జారుతోందట. మర్నాడు టేపు పట్టుకుని వెళ్లాం. ఎత్తు 45 సెంటీమీటర్లు, ర్యాంపు పొడవు 1.8 మీటర్లు. అంటే ఒకటికి నాలుగు వాలు. ఒకటికి పన్నెండు కంటే నిటారుగా ఉండకూడదు కనుక 5.4 మీటర్ల పొడవు కావాలి. ముందు ఉన్న జాగా నాలుగున్నర మీటర్లే. అందుకని ర్యాంపును గోడ వెంట తిప్పి, 2.7 మీటర్ల చొప్పున రెండు వాలులు, మధ్యలో మలుపు దగ్గర 1.5 మీటర్ల చదును గీశాం. ఫిర్యాదు రాయలేదు. కొలతలు, బొమ్మ ఉన్న ఒకే పేజీని సంఘం ముద్రతో అధికారులకు ఇచ్చాం. నాలుగు నెలల్లో పాతది పగలగొట్టి కొత్తది కట్టారు. ఆ తల్లి మరో శనివారం వచ్చింది, ఈసారి కొడుకుతో.

ఇలా నమ్మకం కుదిరాక మిగతా పనులు వాటంతట అవే వస్తాయి. భవన నిబంధనల ముసాయిదా మీద అభిప్రాయం అడుగుతారు. పాత భవనం కూల్చే ముందు కొలిచి పటాలు గీయమంటారు. 1992లో లండన్‌లో మొదలైన పద్ధతిలో ఏడాదికోసారి మంచి భవనాల తలుపులు అందరికీ తెరవవచ్చు. భూకంపం తర్వాత భవనాలను చూసి, లోపలికి వెళ్లవచ్చో లేదో తెలిపే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చీటీలు అంటించే విధానం 1989 నుంచి ఉంది. దానికి మాత్రం ముందే శిక్షణ పొంది ఉండాలి, ఉత్సాహం చాలదు.

పదవి దిగిన రోజు కొత్త కార్యదర్శికి నాలుగు నోటుపుస్తకాలు, అట్టముక్కల డబ్బా అప్పగించాను. మంచం ముక్క అంచులు అరిగి కొలత తగ్గింది. వచ్చే శనివారం లోపు కొత్తది కోయమని చెప్పాను.