ఐదు రోజులు తాళం, రెండు రోజులు కాపురం: ఈసీఆర్ వీకెండ్ ఇళ్ల సమస్యలు, పరిష్కారాలు

చెన్నైలో స్థిరపడిన మనవాళ్లలో చాలామందికి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద కోవళం, మహాబలిపురం వైపు ఒక చిన్న ఇల్లు కట్టుకోవాలని ఉంటుంది. శనివారం పిల్లల్ని తీసుకుని వెళ్లి, ఆదివారం రాత్రికి తిరిగొచ్చే ఇల్లు. కట్టిన రెండు మూడేళ్లకే మొదలయ్యే ఫిర్యాదులు మాత్రం ఎవరి నోట విన్నా ఒకేలా ఉంటాయి. నా ఉద్దేశంలో వాటికి మూలం కూడా ఒకటే. వారంలో ఐదు రోజులు మూసి ఉండే ఇంటిని, అదీ సముద్రం పక్కన, నగరంలోని అన్నానగర్ ఫ్లాట్ లాగే కట్టేస్తున్నాం. ఎవరూ లేనప్పుడు కూడా ఆ ఇంట్లో గాలి ఆడాలి. ఉప్పుగాలినీ ఈశాన్య వాననూ ఆ ఇల్లు తనంతట తానే తట్టుకోవాలి.

తలుపు తీయగానే ముక్కిన వాసన, బీరువా వెనక నల్లటి బూజు

ముందు చెమ్మ ఎక్కడిదో తేల్చుకోండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ ముక్కను గోడకు ఆనించి నాలుగు వైపులా టేపు వేసి, రెండు రోజులు వదిలేయండి. పాలిథిన్ లోపలి వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది: పైపు లీకో, పునాది నుంచి ఎక్కుతున్న తేమో, బయటి గోడ పగులో చూసుకోవాలి. పైవైపు తడిస్తే అది గాలిలోని తేమ.

తాళం వేసి ఉంచే ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. స్లైడింగ్ అద్దాలన్నీ బిగించేసి వెళ్తాం. వెంటిలేటర్లు ఉండవు. గోడలకు పుట్టీ, దానిపైన ఎమల్షన్ పెయింట్ ఉంటాయి కాబట్టి గోడ కూడా ఊపిరి పీల్చదు. ఇంకోసారి పెయింట్ వేయిస్తే ఒక సీజన్ గడుస్తుంది, అంతే.

మూయడానికి వీల్లేని గాలిదారులు పెట్టించడమే అసలు మందు. ఇక్కడ సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయం నుంచి వస్తుంది. ఆ వైపు గోడలో కింద జాలీ, ఎదురుగా పడమటి గోడలో పైకప్పు దగ్గర వెంటిలేటర్ ఉంటే, తాళం వేసి ఉన్నా ఇంట్లో గాలి కదులుతూనే ఉంటుంది. రెండింటికీ దోమల మెష్, దొంగల భయం లేకుండా ఊచలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన ఈశాన్యం నుంచి ఏటవాలుగా కొడుతుంది కనుక ఆ వైపు జాలీలకు లోతైన చూరు తప్పనిసరి. గోడల మీది పుట్టీ గీకించి సున్నపు పూత వేయించండి (పుట్టీ మీద సున్నం నిలవదు, అందుకే గీకాలి). సున్నం చెమ్మను పట్టి ఉంచకుండా బయటికి వదిలేస్తుంది, దాని క్షారగుణానికి బూజు తేలిగ్గా పట్టదు. బీరువాలను గోడకు రెండు అంగుళాలు ఎడంగా జరపండి.

స్లాబ్ కింద పెచ్చులు ఊడుతున్నాయి, తుప్పు మరకలు కనిపిస్తున్నాయి

దీన్ని మాత్రం వాయిదా వేయకండి. చిన్న సుత్తితో స్లాబ్, బీమ్ అడుగున తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట ఖంగుమంటుంది, లోపల తుప్పు ఉబ్బి కాంక్రీట్ విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. ఆ చోట్లన్నీ సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

ఉప్పుగాలి కాంక్రీట్‌లోకి ఇంకి ఇనుమును చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీట్‌ను పగలగొడుతుంది. ఇనుము మీద కాంక్రీట్ మందం తక్కువైతే ఇదంతా తొందరగా జరుగుతుంది. తీరప్రాంతపు తీవ్ర పరిస్థితులకు ఐఎస్ 456 (కాంక్రీట్ పనులకు భారతీయ ప్రమాణం) ప్రకారం కనీసం ఎం30 గ్రేడ్ కాంక్రీట్, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే కాంక్రీట్ మందం, ఉండాలి. సైటులో చూస్తే ఆ మందం కోసం ఊచల కింద పెట్టాల్సిన కవర్ బ్లాకుల బదులు కంకర రాయి పెట్టి పని కానిచ్చేస్తుంటారు. ఉప్పగా ఉన్న బోరు నీళ్లతోనే కాంక్రీట్ కలిపితే ఉప్పును మన చేతులతో లోపల పెట్టినట్టే. అదే ప్రమాణం ప్రకారం ఇనుము వాడే కాంక్రీట్‌కు కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

పైపైన సిమెంట్ పూస్తే లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది. వదులైన కాంక్రీట్‌ను ఊచ వెనక దాకా చెక్కించి, తుప్పును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దించి, జింక్ ప్రైమర్ వేసి, పాలిమర్ మోర్టార్‌తో నింపించాలి. ఊచ సన్నబడిందని కంటికి తెలుస్తుంటే మేస్త్రీతో సరిపెట్టకండి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవండి. బయటి గేట్లు, రెయిలింగ్‌లకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడేటట్లయితే 304 రకం కన్నా 316 ఉప్పుకు బాగా ఆగుతుంది.

మధ్యాహ్నం హాల్లో కూర్చోలేకపోతున్నాం

సముద్రం కనపడాలని అటు నిండా అద్దాలు, సాయంత్రపు ఎండ కోసం పడమట మరో అద్దం. పెద్ద ఏసీ పెడితే కరెంటు బిల్లే తప్ప ఒరిగేదేమీ లేదు. పడమట బాత్రూమ్, స్టోర్ లాంటివి పెట్టండి. కట్టేసిన ఇల్లయితే ఆ వైపు లోతైన వసారా దింపి, కానుగ చెట్లు నాటండి. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. ఉత్తరపు కిటికీలకు సజ్జ అక్కర్లేదనే మాట ఇక్కడ చెల్లదు. టెర్రస్ మీద ఏటా వేసవికి ముందు సున్నం కొట్టిస్తే తేడా ఆ వారమే తెలుస్తుంది.

ఆర్కిటెక్ట్‌తో కూర్చునే ముందు ఒకసారి ముట్టుకాడు దగ్గర దక్షిణాది సంప్రదాయ ఇళ్ల మ్యూజియం దక్షిణచిత్రకు వెళ్లండి. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ డిజైన్ చేసిన ఆ ప్రాంగణం 1996లో తెరిచారు. అక్కడ మన కోస్తా చుట్టిల్లు కూడా ఉంది. మట్టిగోడ గుండ్రంగా ఉంటుంది, పైకప్పు కిందికి దిగి ఆ గోడకు నీడనిస్తుంది. గుండ్రటి గోడ మీద తుపాను గాలి నేరుగా విరుచుకుపడదు, పక్కలకు జారిపోతుంది. అచ్చం అలాగే కట్టమని అనను, కానీ ఆ చూరు ఎంత కిందికి దిగిందో కొలుచుకుని రండి.

వానకు ఆవరణలో నీళ్లు నిలుస్తున్నాయి

చుట్టూ గట్టి ప్రహరీ, లోపలంతా పేవర్ రాళ్లు ఉంటే నీరు ఎటు పోతుంది? ప్రహరీ అడుగున పల్లం వైపు కన్నాలు వదిలి, కారు తిరిగే మేర తప్ప మిగతా రాళ్లు తీయించండి. ఇసుక నేల నీటిని చకచకా తాగేస్తుంది.

బోరు నీళ్లు ఉప్పగా మారాయి

తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లాన్ తడపడానికి తోడేకొద్దీ అడుగు నుంచి ఉప్పునీరు పైకొస్తుంది. ముందు లాన్ తీసేసి పొన్న, గంగరావి, మొగలి లాంటి తీరపు మొక్కలు పెట్టండి. వేళ్లూనుకున్నాక వాటికి పెద్దగా నీళ్లు పోయనక్కర్లేదు. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. చెన్నైలో ఏడాదికి దాదాపు 1,400 మిల్లీమీటర్లు కురుస్తుంది, లెక్క మీరే వేసుకోండి. ఆ నీటిని వడగట్టి సంపులోకి, సంపు నిండాక పొంగే నీటిని ఇంకుడు బావిలోకి మళ్లించండి. నీళ్లు ఉప్పగా ఉన్నాయని బోరును ఇంకా లోతుకు మాత్రం దింపకండి, కింద ఉన్నది ఉప్పునీరే.