టోపీ తుపాకికి సరైన నిప్పిల్ ఎంచుకోవడం ఎలా?

తాత పేరు మీది నుంచి మనవని పేరు మీదికి లైసెన్సు మారిన మజిల్ లోడర్లు, అంటే మూతిలోంచి మందు కూరే టోపీ తుపాకులు, మా అనంతపురం పక్క పల్లెల్లో ఇంకా కొన్ని ఉన్నాయి. అవి సరిగ్గా పేలకుంటే అందరూ ముందు మందును తిడతారు, తర్వాత హ్యామర్ దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న టోపీని తిడతారు, ఆ టోపీ కూర్చునే, మంటను లోపలి మందుకు పంపే నిప్పిల్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకురాదు. సగం తంటాలు అక్కడే ఉంటాయి.

ముందు ఒక మాట. 1959 ఆయుధాల చట్టం కింద తుపాకి భాగం కూడా ఆయుధమే, రిపేరు చేసే వాళ్లకీ లైసెన్సు ఉండల్ల. అందుకని మనకు తెలిసినోడు కదా అని లేత్ షాపులో తిప్పించుకోవద్దు, లైసెన్సున్న గన్ షాపుకే పోండి. అక్కడ ఏం అడగాలో, ఏం చూడాలో కింద చెప్తాను.

1. లోడు ఉందేమో చూడండి. రాడ్డును బ్యారెల్ లోపలికి అడుగు దాకా దించి మూతి దగ్గర గుర్తు పెట్టుకోండి, తర్వాత బయట బ్యారెల్ పక్కనే పెట్టి చూస్తే రాడ్డు కొస నిప్పిల్ దగ్గరికి రావల్ల, అంతకు ముందే ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే, ఇంక దేన్నీ ముట్టుకోవద్దు.

2. పాతది విప్పించండి. నిప్పిల్ రెంచ్‌తోనే విప్పల్ల, కటింగ్ ప్లేయర్ పెడితే మూలలు అరిగిపోతాయి. బిగుసుకుపోయి ఉంటే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి.

3. నిప్పిల్ మర (స్క్రూ చుట్లు) కొలవండి. అసలు పని ఇదే. అన్ని తుపాకులకూ ఒకే మర ఉండదు, అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్ మస్కెట్లకు 5/16 అంగుళం, అంగుళానికి 24 మరలు, కొన్ని కొత్త తరహా రైఫిళ్లకు 1/4 అంగుళం 28 మరలు, ఇంకొన్నింటికి 6 మిల్లీమీటర్లు. ఈ చివరి రెండింటి దగ్గరే మోసపోతారు. 1/4 అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, చూడ్డానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, 6 ఎంఎం నిప్పిల్ ఆ బెజ్జంలోకి వదులుగా పోతుంది కూడా, అట్లాంటిది పేల్చినప్పుడు ఊడి మొహం మీదికి ఎగరొచ్చు. థ్రెడ్ గేజ్, వెర్నియర్ రెండూ పెట్టి చూడమనండి, చేతితో తిప్పితే సాఫీగా దిగల్ల, అడ్డం తిరిగితే బలవంతం చేయొద్దు. చేత్తో చేసిన పాత తుపాకి అయితే ఏ సైజుకూ కుదరకపోవచ్చు.

4. టోపీని బట్టి కోన్ (నిప్పిల్ పైన టోపీ కూర్చునే కొన) ఎంచుకోండి. మస్కెట్ టోపీ పెద్దది, అంచులు బయటికి వంగి ఉంటాయి, 11 నంబరు టోపీ చిన్నది. మీకు దొరికే టోపీని తీసుకుపోయి పెట్టి చూడండి, కంపెనీని బట్టి కొంచెం తేడా వస్తుంది. టోపీ చేత్తో నొక్కితే అడుగు దాకా కూర్చోవల్ల, తుపాకి తలకిందులు చేస్తే పడకూడదు. బిగుతుగా ఉంటే మొదటి దెబ్బ టోపీని కిందికి తోయడానికే పోతుంది, రెండో దెబ్బకు గానీ పేలదు.

5. బెజ్జం చూడండి. మంట దూరే బెజ్జం 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మంచిది. 1 ఎంఎం డ్రిల్ బిట్ దూరిందంటే కాలి వెడల్పయిందని అర్థం, మార్చేయండి. బెజ్జం పెద్దదైతే గాలి వెనక్కి తన్ని హ్యామర్‌ను లేపేస్తుంది, టోపీ ముక్కలు కండ్ల వైపు వస్తాయి. కండ్లద్దాలు లేకుండా మాత్రం వద్దప్పా.

6. హ్యామర్ దించి చూడండి. నిప్పిల్ మధ్యలో చదునుగా పడల్ల, పక్కకు పడితే కోన్ చెదిరిపోతుంది. ఖాళీగా హ్యామర్ కొట్టే అలవాటు ఉన్నోళ్ల నిప్పిళ్లన్నీ పైన పుట్టగొడుగులా చితికిపోయి ఉంటాయి.

ధర గురించి బేరం ఆడొద్దు, గట్టి స్టీల్‌ది తీసుకోండి. మరలకు కొంచెం గ్రీజు పూసి బిగించండి, లేకుంటే మళ్లీ విప్పేటప్పుడు ఏడుస్తారు. బిగించినాక రేంజిలో మందు లేకుండా ఉత్త టోపీ ఒక్కటే పెట్టి, మూతిని సురక్షితమైన వైపు, ఎండుగడ్డి మీదికి పెట్టి కొట్టండి, గడ్డి కదిలితే దారి క్లియర్‌గా ఉన్నట్టు. కదలకుంటే మందు పోయకుండా నిప్పిల్ విప్పి బెజ్జం శుభ్రం చేసి మళ్లీ చూడండి. అంతా సరిపోయినాక తుపాకిలోకి నల్ల మందే పోయండి, తోటాల్లోని పొగరాని మందు అస్సలు వద్దు.