ఎండలు ముదరకముందే ఇంటి ఏసీ డక్టులు (గదులకు గాలి తెచ్చే గొట్టాలు) మార్పిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

టెక్సస్ లాంటి చోట మే దాటితే డక్టులుండే అటక మీద మనిషి నిలవలేడు. పని ఈలోపే పెట్టుకోండి.

– గదివారీ మాన్యువల్ జె (ఏ గదికి ఎంత చల్లదనం కావాలో చెప్పే లెక్క), దాన్నిబట్టి మాన్యువల్ డి (డక్టుల సైజు తేల్చే లెక్క) కాగితం మీద చూడనిదే సంతకం పెట్టకండి. "ఇన్ని చదరపు అడుగులకు ఇన్ని టన్నులు" అనే నోటిలెక్కతో సైజు తప్పితే, కొత్త డక్టులు వేశాక కూడా మేడమీది గది ఉడుకుతూనే ఉంటుంది. డబ్బు నిజంగానే అటకెక్కినట్టు!

– పనికి ముందు, తర్వాత స్టాటిక్ ప్రెషర్ (డక్టుల్లో గాలి ఒత్తిడి) కొలిపించండి. చాలా యూనిట్లకు 0.5 అంగుళాల నీటిమట్టమే (ఆ ఒత్తిడిని కొలిచేది ఇందులోనే) హద్దు. 0.8 చూపిస్తే ముందు ఫిల్టర్, కాయిల్ (గాలిని చల్లబరిచే భాగం), రిటర్న్ (గదుల గాలి యూనిట్‌కు వెనక్కి వచ్చే దారి) చూడమనండి. తరచూ దొరికే దొంగ చిన్న రిటర్నే.

– తలుపు మూస్తేనే గది వేడెక్కుతోందా? గాలి వెనక్కి పోయే దారి లేదన్నమాట. జంప్ డక్ట్ (తలుపు మూసి ఉన్నా గాలిని గది దాటించే గొట్టం) అడగండి.

– ఫ్లెక్స్ డక్ట్ (వంగే గొట్టం) సాగదీసి, 4 అడుగులకో వెడల్పాటి పట్టీ. వేలాడినా, మెలిక పడినా గాలి అక్కడే ఆగుతుంది.

– ప్రతి శాఖకూ ప్లీనం (శాఖలన్నీ చీలే పెద్ద పెట్టె) దగ్గరే డ్యాంపర్ (గాలిని తగ్గించి, పెంచే రేకు). గదుల్లో రిజిస్టర్లు (గాలి వచ్చే జాలీలు) మూసి సర్దుకుంటే ఈల మోత, కాయిల్‌కు మంచు.

– అతుకులకు మాస్టిక్ (పూసే చిక్కటి లేపనం). గుడ్డ టేపు అటక వేడికి ఊడొస్తుంది.